ఎందుకు? ఎలా? బండి లైట్లకు ఒక్క సన్న తీగ ఎందుకు చాలదు?

ప్రశ్న: గణపతి మండపానికి కట్టే సీరియల్ సెట్‌లో ఒకే సన్న తీగ మీద ముప్ఫై నలభై బల్బులు వెలుగుతాయి. నా టెంపోకి ముందు రెండు లైట్లు అదనంగా పెట్టమంటే మాత్రం ఎలక్ట్రీషియన్ లావు వైరు, రిలే, ఫ్యూజు అంటూ పెద్ద చిట్టా రాశాడు. ఒక బల్బు నుంచి ఇంకో బల్బుకి వైరు లాగేస్తే పని అయిపోదా?

సూరత్‌లో లింబాయత్ మగ్గాల దగ్గర గ్రే తాకాలు (ఇంకా రంగు వేయని గుడ్డ చుట్టలు) ఎత్తుకుని, సలాబత్‌పురాలో రింగ్ రోడ్డు పక్కన బట్టల మార్కెట్లకు చేరవేసే ఒక తెలుగు డ్రైవరు అడిగిన ప్రశ్న ఇది. ఎలక్ట్రీషియన్ మోసం చేస్తున్నాడేమోనన్న అనుమానం కూడా అందులో కొంచెం ఉంది. చిట్టాలో ధరలు ఎంత వేశాడో నాకు తెలియదు కానీ, వస్తువులు మాత్రం సరైనవే రాశాడు.

ముందు సీరియల్ సెట్ సంగతే చూద్దాం, ఎందుకంటే ప్రశ్నలోని తర్కం తప్పు కాదు. పాతకాలపు సెట్‌లో ఒక్కో బుల్లి బల్బు 6 వోల్టులది. ఇంటి కరెంటు 230 వోల్టులు. 230ని 6తో భాగిస్తే 38 చిల్లర వస్తుంది. అందుకే అన్ని బల్బులను ఒకదాని వెనక ఒకటి గుచ్చి, రెండు చివరలను ప్లగ్గుకు ఇచ్చేవారు. 230 వోల్టులను అందరూ సమానంగా పంచుకుంటారు, తలా 6 వోల్టులు. కరెంటు మాత్రం పంచుకోరు. మొదటి బల్బులో పారిన కరెంటే చివరి బల్బులోనూ పారుతుంది. అది ఒక్క బల్బుకు కావలసినంతే కాబట్టి వెంట్రుకలాంటి తీగ చాలు. ఒక్క బల్బు పోతే మొత్తం చీకటి అన్న కష్టానికి కూడా తయారీదారులు ఒక ఉపాయం కనిపెట్టారు. చాలా బల్బుల్లో ఫిలమెంటు కింద, రెండు కాళ్లను కలుపుతూ, పైన సన్నని ఆక్సైడు పొర ఉన్న చిన్న తీగ చుట్ట ఉంటుంది. ఫిలమెంటు తెగగానే 230 వోల్టులూ ఆ ఒక్క చోటే పడతాయి. ఆ దెబ్బకు పొర పగిలి తీగ దారి ఇస్తుంది. ఆ బల్బు ఆరిపోతుంది, మిగిలినవి కాస్త ఎక్కువ వోల్టులు మోస్తూ వెలుగుతూనే ఉంటాయి. అలా నాలుగైదు పోయాక భారం పెరిగి మిగతావి కూడా త్వరత్వరగా పోతాయి.

బండిలో ఇదంతా ఎందుకు కుదరదు? అక్కడ పంచుకోవడానికి 230 లేవు, ఉన్నవి 12 మాత్రమే. ప్రతి బల్బూ ఆ 12కే తయారైంది. ఒక్క వోల్టు కూడా పక్కవాడికి ఇచ్చే స్థితిలో లేదు.

లెక్క వేసి చూడండి. మామూలు హెచ్-4 హెడ్‌లైటు బల్బు 60 వాట్లది (డిప్పులో 55). 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు. అలాంటివి రెండు ఒకదాని వెనక ఒకటి కలిపితే తలా 6 వోల్టులు వస్తాయి. వోల్టేజి సగమైంది కదా, వెలుగు కూడా సగం వస్తుందనుకుంటాం. రాదు. ఫిలమెంటు బల్బులో వేడి తగ్గేకొద్దీ వెలుగు విపరీతంగా పడిపోతుంది. వాట్లు మూడో వంతుకు తగ్గితే వెలుగు పదో వంతు దగ్గరికి దిగిపోతుంది. మిగిలేది ఎర్రటి నిప్పు కణిక. దానితో ఉధ్నా రోడ్డు మీద గుంత కనపడదు, ఎదుటివాడికి మీ బండీ కనపడదు.

పైగా ఒకటి పోతే రెండూ పోతాయి. సూరత్‌లో స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబాలకు మగ్గం మాట చెబితే ఇది ఇట్టే అందుతుంది. పడుగులో వేల పోగులు పక్కపక్కన నడుస్తాయి. ఒకటి తెగితే గుడ్డ మీద గీత పడుతుంది తప్ప మిగతా పోగులు తమ పని తాము చేసుకుపోతాయి. పేక అలా కాదు, ఒకే పోగు అటూ ఇటూ తిరుగుతుంది, అది తెగితే నేత ఆగినట్టే. బండి లైట్లకు పడుగు పద్ధతి కావాలి. బడి పుస్తకంలో సమాంతర సంధానం అని చదివింది, షెడ్డులో పారలల్ అనేది అదే. ప్రతి బల్బుకూ బ్యాటరీ నుంచి తనదైన దారి, తనదైన 12 వోల్టులు. ఎడమ హెడ్‌లైటు పోయినా కుడిది నిండుగా వెలుగుతుంది.

ఇక్కడ చాలామందికి ఉండే ఒక అపోహ తీర్చాలి. సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపినప్పుడు, ముందున్న బల్బుకు ఎక్కువ, వెనకదానికి తక్కువ అందుతుందనుకుంటారు. వరస స్థానానికీ వెలుగుకూ సంబంధం లేదు. బల్బులు వేరువేరు వాట్లవైతేనే తేడా వస్తుంది, అదీ మనం అనుకున్నదానికి తలకిందులుగా. 21 వాట్ల బ్రేకు బల్బునూ, 5 వాట్ల టెయిల్ బల్బునూ సీరీస్‌లో కలిపితే ఏది వెలుగుతుంది? 5 వాట్లదే. చిన్న బల్బు ఫిలమెంటు సన్నగా ఉండి ఎక్కువగా అడ్డుపడుతుంది, ఎక్కువ అడ్డుపడేవాడే వోల్టేజిలో ఎక్కువ వాటా లాక్కుంటాడు. 12లో పది వోల్టులకు పైనే దానికే పోతుంది. పెద్ద బల్బు పోయిందేమోనన్నంత చీకటిగా ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

మరి పారలల్‌కి ఖర్చేమీ లేదా? ఉంది, ఎలక్ట్రీషియన్ చిట్టా అదే. సీరీస్‌లో వోల్టులు పంచుకుంటారు, పారలల్‌లో ఆంపియర్లు కూడుకుంటాయి. రెండు హెడ్‌లైట్లకు 10 ఆంపియర్లు. మీరు పెట్టించాలనుకున్న రెండు 55 వాట్ల లైట్లకు ఇంకో 9. ఇవన్నీ ఒకే తీగలో, ఒకే స్విచ్చులో పోతే అవి వేడెక్కుతాయి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ అయిదు మీటర్లు తీసుకుంటే దాని నిరోధం సుమారు 0.09 ఓములు. చాలా చిన్న అంకె. కానీ అందులో 10 ఆంపియర్లు పారితే 0.9 వోల్టు తీగలోనే పోతుంది. వోల్టేజి అంత తగ్గితే ఫిలమెంటు బల్బు వెలుగులో దాదాపు నాలుగో వంతు మాయం. కంపెనీ బల్బు కొని, తీగ దగ్గర కక్కుర్తిపడితే జరిగేది అదే. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ నష్టం 0.35 వోల్టుకు దిగుతుంది.

రిలే ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు మీది స్విచ్చు ఈ పెద్ద కరెంటును మోయక్కర్లేదు. అది రిలేలోని చుట్టకు చిన్న కరెంటు పంపితే చాలు, చుట్ట అయస్కాంతమై లోపలి మీటను లాగుతుంది, పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో లైట్లకు పోతుంది. రిలే అడుగున నాలుగు కాళ్లకు అంకెలు ఉంటాయి. 30కి ఫ్యూజు గుండా బ్యాటరీ, 87కి లైటు, 85, 86లకు స్విచ్చూ ఎర్తూ. చాలా కంపెనీల రిలేల మీద ఇవే అంకెలు ఉంటాయి.

ఇంతవరకూ పాఠ్యపుస్తకం. అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు.

12 వోల్టుల బండిలో లైట్లను సీరీస్‌లో ఎవరూ కావాలని వేయరు. కానీ బండి పాతబడేకొద్దీ సీరీస్ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. తుప్పు పట్టిన జాయింటు, వదులైన హోల్డరు, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు, ఇవన్నీ బల్బుతో వరసలో నిలబడి దాని వోల్టులు తినే కనపడని బల్బులే. ఒక పాడు అతుకులో 0.1 ఓము నిరోధం ఉందనుకోండి. 10 ఆంపియర్లు పారితే ఆ గోరంత చోట 10 వాట్ల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ కనెక్టరు గోధుమరంగుకు తిరిగి, కరిగి, వాసన వచ్చేది అందుకే.

వీటన్నిటిలో పెద్ద దొంగ ఎర్త్. బండిలో ప్రతి బల్బుకూ రెండు తీగలు ఉండవు. ఒకటి ప్లస్ తీసుకొస్తుంది, తిరుగుదారి బండి ఇనుప శరీరమే. బ్యాటరీ మైనస్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, లైటు మైనస్ కూడా దగ్గర్లో ఒక బోల్టుతో బాడీకి బిగిస్తారు. ఆ బోల్టు కింద రంగు పూసినా, తుప్పు పట్టినా దారి మూసుకుంటుంది. సూరత్ సముద్రానికి దూరమేమీ కాదు, గాలిలో తేమకు కొదవ లేదు. వానాకాలంలో మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్ వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. టెంపో వెనక లైట్ల డబ్బా ఉండేదేమో చక్రాల బురద పడే చోట. ముందు పోయేది అక్కడి ఎర్తే.

పోతే ఏమవుతుంది? లైటు ఆరిపోతే బాగుండేది, తప్పు వెంటనే దొరికేది. కానీ కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. వెనక డబ్బాలో టెయిల్, బ్రేకు, ఇండికేటర్ మూడు ఫిలమెంట్లకూ కలిపి ఒకటే ఎర్త్. అది తెగిందనుకోండి. రాత్రి పార్కింగ్ లైట్లు వేయకుండా ఎడమ ఇండికేటర్ వేశారు. 21 వాట్ల ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు ఉమ్మడి ఎర్త్ దగ్గర దారి లేక, పక్కనున్న 5 వాట్ల టెయిల్ ఫిలమెంటులోకి వెనక్కి దూరుతుంది. అక్కడి నుంచి టెయిల్ లైట్ల తీగ పట్టుకుని కుడివైపు టెయిల్ బల్బుకు చేరి, ఆ వైపు మంచి ఎర్త్‌లో దిగుతుంది. పడుగులా ఉండాల్సిన మూడు బల్బులు పేకలా ఒక్క వరసలో పడ్డాయి. ఇందాక చెప్పుకున్నట్టే పెద్ద బల్బు చీకటి, చిన్నవి మసకగా టపటపలాడతాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక రెండు టెయిల్ లైట్లూ మిణుకుమనే వింత ఇదే.

ఇంకో వింత దీనికన్నా ప్రమాదకరం. పార్కింగ్ లైట్లు వెలుగుతుండగా బ్రేకు తొక్కితే ఆ వైపు టెయిల్ లైటు ఆరిపోతుంది. ఎందుకంటే అంతవరకూ టెయిల్ ఫిలమెంటు కరెంటు, ఆ పక్కనున్న బ్రేకు ఫిలమెంటు గుండా దారి చూసుకుని మసకగానైనా వెలిగింది. బ్రేకు తొక్కగానే ఆ తీగకు కూడా 12 వోల్టులు వచ్చాయి. ఫిలమెంట్ల రెండు పక్కలా 12 ఉంటే కరెంటు పారదు. ఎక్కువ వెలగాల్సిన క్షణంలో వెనక వచ్చేవాడికి చీకటి. బల్బు మార్చినా, హోల్డరు మార్చినా, స్విచ్చు మార్చినా ఈ జబ్బు పోదు, డబ్బులు మాత్రం పోతాయి.

కనిపెట్టడం సులువు. ఒక పొడవాటి వైరు తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఆ డబ్బా ఎర్త్ తీగకు తగిలించండి. లైట్లన్నీ బుద్ధిగా వెలిగితే తప్పు ఎర్త్‌దే. బోల్టు విప్పి, కింద ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే సరి. మల్టీమీటరు ఉంటే ఇంకా కచ్చితంగా చూడవచ్చు. లైటు వెలుగుతుండగా బ్యాటరీ మైనస్ మీద ఒక మొన, బల్బు ఎర్త్ మీద ఇంకో మొన పెట్టండి. 0.2, 0.3 వోల్టు లోపు ఉంటే మంచిది. ఒకటి, రెండు చూపిస్తే ఆ వోల్టులు మీ బల్బువి, దారిలో పోతున్నాయి. లైటు ఆర్పేసి ఈ పరీక్ష చేస్తే ప్రయోజనం లేదు, కరెంటు పారితేనే నష్టం కనిపిస్తుంది.

టెంపో సంగతి ఇదైతే, సూరత్ నుంచి హైదరాబాద్, విజయవాడ వైపు చీరల పార్సిళ్లు తోలే లారీల కథ వేరు. అక్కడ సీరీస్ కావాలనే వేసేవాళ్లున్నారు. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను సీరీస్‌లో కలిపి 24 చేస్తారు. (బ్యాటరీ మాత్రం ఏమిటి? రెండు వోల్టుల చిల్లర చొప్పున ఆరు అరలు వరసలో కలిపినదే.) చేతిలో 12 వోల్టుల లైట్ల జత ఉంటే, రెంటినీ సీరీస్‌లో కలిపి 24 మీద పెట్టేయాలనిపిస్తుంది. రెండూ అచ్చంగా ఒకటే అయినంతకాలం వెలుగుతాయి కూడా. దారిలో ఒకటి పోయి, దొరికింది కదా అని 55 వాట్లదాని పక్కన 100 వాట్లది పెట్టారనుకోండి. వాటా చెడిపోతుంది. 55 వాట్లదానికి కనీసం పదిహేనున్నర వోల్టులు, 100 వాట్లదానికి మహా అయితే ఎనిమిదిన్నర. మొదటిది తెల్లగా మండి కొన్నాళ్లకే పోతుంది, పోతూ రెండోదాన్నీ ఆర్పేస్తుంది. లోపల డ్రైవరు సర్క్యూట్ ఉన్న ఎల్‌ఈడీ లైట్లతో ఈ పని అసలు చేయకూడదు. ఒకదాని ఎలక్ట్రానిక్సు ఇంకోదానితో వోల్టుల కోసం పెనుగులాడి రెండూ మిణుకుమంటాయి, లేదా ఒకటి కాలిపోతుంది.

అంతకన్నా చెడ్డ అలవాటు ఒక్క బ్యాటరీ మీంచి 12 వోల్టులు లాగడం. పాటల డబ్బాకీ క్యాబిన్ లైట్లకూ చాలామంది చేస్తారు. ఆ బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో ఉంటుంది. ఆల్టర్నేటర్‌కి తెలిసింది మొత్తం 28 వోల్టుల లెక్కే కాబట్టి, రెండోదానికి ఎక్కువ మేపుతుంది. ఏడాది తిరక్కుండా జతలో ఒకటి ఎండిపోతుంది, బ్యాటరీ కంపెనీని తిట్టుకుంటాం. 24ని 12కి దించే కన్వర్టరు కొత్త బ్యాటరీ కంటే చౌక.

అలంకారానికి అంటించే ఎల్‌ఈడీ పట్టీలో సీరీస్, పారలల్ రెండూ కాపురం చేస్తాయి. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కోదానికి 3 వోల్టులు. మూడింటిని వరసగా కలిపి 9, మిగతా 3 వోల్టులు మింగడానికి ఒక రెసిస్టరు, కలిసి 12. అలాంటి ముక్కలు పక్కపక్కన పారలల్‌లో ఉంటాయి. అందుకే పట్టీ మీద మూడేసి దీపాలకు ఒక కత్తెర గుర్తు, అక్కడే కోయాలి. ఒక ఎల్‌ఈడీ పోతే సరిగ్గా మూడే ఆరిపోతాయి. ఇంట్లో అడాప్టరు మీద ఏళ్లు బతికే పట్టీ బండిలో నెలల్లో ఎందుకు పోతుందో కూడా ఇక్కడే ఉంది. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 12 కాదు, 14 పైన ఉంటుంది. ఎల్‌ఈడీలు తమ 9 తీసుకోగా రెసిస్టరు మీద 3కి బదులు 5 వోల్టులు పడతాయి, కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఇండికేటర్లకు ఎల్‌ఈడీ వేసినప్పుడు టకటకమని వేగంగా కొట్టుకోవడం చూసే ఉంటారు. ఫ్లాషరు ఇండికేటర్ల కరెంటును కనిపెట్టి చూస్తుంది. 21 వాట్ల బల్బు స్థానంలో రెండు మూడు వాట్ల ఎల్‌ఈడీ ఉంటే బల్బు పోయిందనుకుని వేగం పెంచుతుంది. ఎల్‌ఈడీకి తగిన ఫ్లాషరు మార్చడం మంచి పని. రెసిస్టరు పెడితే బల్బుకు పారలల్‌గా పెట్టాలి, అది బాగా కాలుతుంది కనుక ఇనుముకు బిగించాలి, ప్లాస్టిక్‌కు కాదు.

సీరీస్‌ను ఇంత తిట్టాక దాని మేలు కూడా చెప్పాలి. స్విచ్చూ ఫ్యూజూ సీరీస్‌లో ఉండి తీరాలి, లేకపోతే అవి ఉండీ లేనట్టే. షెడ్డుల్లో ఒక చక్కని చిట్కా ఉంది. ఫ్యూజు పెట్టినప్పుడల్లా ఎగిరిపోతుంటే, ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బును తగిలిస్తారు. ఎక్కడో షార్టు ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది. 12 వోల్టులూ తనమీదే వేసుకుని, రెండు ఆంపియర్ల లోపే పోనిస్తుంది కాబట్టి తీగ కాలదు. ఇక లైట్ల కనెక్టర్లు ఒక్కొక్కటే పీకుతూ పోతే, ఎక్కడ పీకినప్పుడు బల్బు మందగించిందో షార్టు అక్కడే. పవర్‌లూమ్ మోటార్లు బాగుచేసేవాళ్లు సీరీస్ ల్యాంపు బోర్డు పెట్టుకునేదీ ఇదే సూత్రం మీద.

పారలల్‌లో ఒకటి పోయినా మిగతావి పదిలం అన్న మాట కూడా బ్యాటరీ ఉన్నంతవరకే. పాత సైకిలు డైనమో గుర్తుందా? ముందు దీపం, వెనక దీపం పారలల్‌లోనే ఉండేవి. ముందు బల్బు పోయిందంటే దిగువకు దిగుతున్న సైకిలు వెనక బల్బు కూడా ఆ వెంటనే పోయేది. డైనమో బ్యాటరీలా వోల్టేజిని నిలకడగా పట్టుకోలేదు, భారం తగ్గగానే వోల్టులు ఎగబాకుతాయి.

ఇక డ్రైవరు తమ్ముడికి సూటి జవాబు. రెండు లైట్లూ పారలల్‌లోనే వేయించండి. ఒక రిలే, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీకి దగ్గరగా 15 ఆంపియర్ల ఫ్యూజు, ఒక్కో లైటుకూ శుభ్రమైన ఎర్త్. ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, తీగను. కనుక అది లైటు పక్కన ఉంటే లాభం లేదు, బ్యాటరీ పక్కన ఉండాలి. అవి స్పాట్ లైట్లు, సెర్చి లైట్ల రకం కాకుండా చూసుకోండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 111వ నియమం మామూలు పరిస్థితుల్లో బండి ముందు వాటిని బిగించనివ్వదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫ్యూజు పోయినచోట రాగి పోగో, సిగరెట్ పెట్టెలోని రేకో చుట్టి బండి నడిపించేయొద్దు. మీ వెనక ఉన్న సరకు పాలిస్టర్. 2025 ఫిబ్రవరిలో రింగ్ రోడ్డు శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్ మంటల్లో చిక్కుకున్నప్పుడు ఆ గుడ్డ ఎలా అంటుకుంటుందో సలాబత్‌పురా అంతా చూసింది. ఫ్యూజుల్లో 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు. రంగుకు ఒకటి చొప్పున అదనంగా కొని డ్యాష్‌బోర్డు అరలో వేసుకోండి.